సంత రోజు పెరిగే తేడా

ఒకే పట్టిక రెండు సర్వర్లలో ఉంటే, ఆ రెండూ ఎప్పుడూ ఒకేలా ఉండేట్టు చూడటం నా చివరి ఉద్యోగం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని మా బంధువులు అడిగేవారు. ఒక చోట రాసింది రెండో చోట కనిపించాలి, అంతే కదా అనేవారు. అంతే. ఆ అంతేలోనే నేను నా జీవితంలోకల్లా పెద్ద తప్పు చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నా దగ్గర తెలివి నేర్చుకోవాలని కాదు, ఆ తప్పు ఎంత సులువుగా జరిగిందో తెలుసుకోవాలని రాస్తున్నాను.

అరకు లోయలో ఒక ఆరోగ్య కార్యక్రమం నడిచేది. చుట్టుపక్కల కొండ గ్రామాల్లో గర్భిణులను నర్సులు ఇంటికి వెళ్ళి చూసి, బరువు, రక్తం, బీపీ, కాన్పు ఎప్పుడు రావచ్చు అన్నది ట్యాబులో ఎక్కించేవారు. ఒక్కసారి చూస్తే పట్టికలో ఒక్క వరుస. అలా కొన్ని లక్షల వరుసలు. ఒక సర్వరు అరకులో మా ఆఫీసులో ఉండేది, రెండోది విశాఖలో. ఘాట్ రోడ్డు వెంట వచ్చే లైను వానాకాలంలో కొండచరియ జారినప్పుడల్లా తెగిపోయేది. అప్పుడు పైన పని ఆగకూడదని ఈ ఏర్పాటు. నర్సులు రాసింది ముందు అరకు సర్వరులోకి వస్తుంది. గంటకోసారి ఒక ప్రోగ్రాం లేచి కొత్తగా వచ్చిన వరుసలను విశాఖకు చేరవేస్తుంది.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఏ తల్లికి ప్రమాదం ఉంది, ఎవరిని కాన్పుకు పది రోజుల ముందే ఆసుపత్రి పక్క వసతి గృహానికి తేవాలి, జీపు ఏ ఊరికి ఏ రోజు పోవాలి అనే జాబితా విశాఖ సర్వరులోంచే వచ్చేది. అందులో పేరు ఉంటే జీపు వస్తుంది. లేకపోతే రాదు.

నేను చేరిన ఏడాదికి రెండు పట్టికలకూ తేడా రావడం మొదలైంది. అరకులో వరుసలు ఎక్కువ, విశాఖలో తక్కువ. మొదట ఆరు, తర్వాత పదకొండు, తర్వాత ముప్పై. లైను తెగినప్పుడు తేడా రావడం మామూలే, లైను వచ్చాక అదే సర్దుకుంటుంది. ఇది సర్దుకోలేదు. అలాగని రోజూ పెరిగేదీ కాదు. రెండు రోజులు కదలకుండా ఉండి, మూడో రోజు ఏడెనిమిది పెరిగి, మళ్ళీ ఆగిపోయేది.

నాకు ఆసక్తి పుట్టింది. నిజం చెప్పాలంటే చాలా ఏళ్ళ తర్వాత పుట్టింది. గోడ మీద ఎరువుల దుకాణం వాళ్ళిచ్చిన క్యాలెండరు ఉంటే, రోజూ సాయంత్రం ఆ రోజు గడిలో పెన్సిలుతో తేడా ఎంతో రాసేవాణ్ణి. పెరిగిన గడి చుట్టూ సున్న చుట్టేవాణ్ణి. రెండు నెలలయ్యేసరికి సున్నలు వరసల్లో నిలబడ్డాయి. వారంలో కొన్ని రోజుల్లోనే వస్తున్నాయి, కొన్ని రోజుల్లో అసలు రావడం లేదు. కంప్యూటరుకు వారాలతో ఏం పని? సర్వరులో వారానికోసారి నడిచే పనులన్నీ ఒక్కొక్కటీ ఆపి చూశాను. తేడా అలాగే పెరిగింది.

మా అటెండరు ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన పెద్దాయన. జనరేటరు కూడా ఆయనే చూసుకునేవాడు. ఒక రోజు టీ గ్లాసు పెడుతూ క్యాలెండరు కేసి చూసి, నేను దేవుడి మొక్కుకు రోజులు లెక్కపెట్టుకుంటున్నానా అని అడిగాడు. కాదు, మెషీనులో ఏదో లెక్క తప్పుతోంది, ఈ రోజుల్లోనే తప్పుతోంది అన్నాను. ఆయన కాసేపు వేలితో గడులు తడుముతూ నిలబడ్డాడు.

"ఇయన్నీ సంతరోజులు కదా బాబూ" అన్నాడు.

నిజమే. ఒక్కో చోట ఒక్కో వారం సంత. ఏ సంతకు ఏ ఊళ్ళవాళ్ళు దిగుతారో ఆయన చెబుతుంటే, నేను తేడా వరుసల్లో ఊళ్ళు చూసుకున్నాను. పెదబయలు వైపు ఊళ్ళ తేడా ఆ వైపు సంత రోజునే పెరుగుతోంది. ఇంకో వైపుది ఇంకో సంతకు. లక్షల వరుసల పట్టికలో సంత నడుస్తోంది, అది నాకే కనిపించింది! విశాఖ సర్వరు చూసే సహోద్యోగికి వెంటనే ఫోను చేశాను. అతను నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. నన్ను మాస్టారూ అనేవాడు, ఆ పిలుపు నాకు బాగుండేది. సంతలో ఏం జరుగుతోందో చూడటానికి ఎప్పుడు వెళ్తున్నారు అని అడిగాడు.

వెళ్ళలేదు. అరగంట ప్రయాణం. వెళ్ళాల్సిన అవసరమేముంది, నాకు తెలిసిపోయింది కదా అనుకున్నాను. సంత రోజున నర్సులంతా సిగ్నలు ఉన్న చోటికి దిగుతారు, అందరూ ఒకేసారి పంపుతారు, లైను మీద బరువు పడుతుంది, పోయిందో లేదో తెలియక మళ్ళీ నొక్కుతారు, ఒకే వరుస రెండుసార్లు పడుతుంది. విశాఖ ప్రోగ్రాం తెలివైనది కాబట్టి రెండోదాన్ని తీసుకోవడం లేదు. అంటే అరకులో ఎక్కువగా ఉన్నవి ఉత్త నకళ్ళు. ఎంత అందంగా ఉందో చూడండి, ప్రతి ముక్కా అతికింది. పరీక్షగా ఓ అయిదు వరుసలు తీసి చూశాను. ఆ పేర్లే, ఆ ఊళ్ళలోనే, వేరే వరుసల్లోనూ ఉన్నాయి. పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టుకునే ఊళ్ళు అవి. ఒకే ఊళ్ళో ఒకే పేరుతో నలుగురైదుగురు ఉంటారు. నాకు ఆ సంగతి తెలియక కాదు. ఆ మధ్యాహ్నం అది గుర్తు రావడం నాకు ఇష్టం లేదు.

నెలాఖరుకు పై నుంచి తనిఖీ ఉంది. రెండు చోట్లా సంఖ్య ఒకటే ఉండాలని మా అధికారి గట్టిగా చెప్పారు. నేను అరకు పట్టికలోంచి, విశాఖలో లేని వరుసలన్నీ తీసేస్తానని సహోద్యోగితో అన్నాను.

"పక్కన పెట్టండి మాస్టారూ, తీసెయ్యకండి. ఇంకో పట్టికలో పడేత్తే ఏటి పోద్ది?" అన్నాడు.

చిన్నవాడు నాకు చెప్పడమేమిటి అనిపించింది. నకళ్ళను దాచుకునే అలవాటు నాకు లేదన్నాను. మధ్యాహ్నం భోజనానికి ముందు కంప్యూటరుకు ఒక్క వాక్యంలో ఆజ్ఞ ఇచ్చాను. మూడు వందల నలభై వరుసలు పోయాయి. విడిగా కాపీ తీయలేదు. రోజువారీ కాపీ ఒకటే ఉండేది, మర్నాటి కాపీ దాని మీదే పడింది. రెండు సంఖ్యలూ ఒకటయ్యాయి. తృప్తిగా భోంచేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఏ నర్సు ఎన్ని నకళ్ళు ఎక్కించిందో ఒక జాబితా చేసి పైకి పంపాను. అందులో మొదట ఉన్నవాళ్ళకు తప్పుడు ఎంట్రీలు చేస్తున్నారని మెమోలు వెళ్ళాయి. నేను రాయలేదు మెమోలు, జాబితా మాత్రమే ఇచ్చాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం ఆ జాబితాలో మొట్టమొదటి పేరు గల నర్సు మా ఆఫీసుకు వచ్చింది. పెదబయలు అవతల ఊళ్ళు చూసే ఆవిడ, నలభై ఏళ్ళుంటాయి, అక్కడి మనిషే. తెల్లవారకుండానే బయలుదేరి రెండు జీపులు మారి వచ్చిందట. చేతిలో మెమో కాగితం, అట్ట చిరిగిన పొడుగాటి నోటుపుస్తకం. మెమో గురించి దెబ్బలాటకు వచ్చిందనుకుని నేను సిద్ధమయ్యాను. ఆవిడ మెమోను మడిచి బల్ల మీద ఒక మూల పెట్టింది.

"దీని సంగతి తర్వాత సూద్దాం సార్. ముందు ఈ తల్లి పేరు ఎక్కడికి పోయిందో సెప్పండి" అంటూ నోటుపుస్తకం తెరిచింది.

ఒక గర్భిణి. రెండు కాన్పులు పోయిన మనిషి. రక్తం తక్కువ, కాళ్ళ వాపు, బీపీ ప్రతిసారీ కొంచెం పైకి. కాన్పుకు ఇక ఎనిమిది రోజులే ఉంది. జీపు ఫలానా సంత రోజున వస్తుందని నర్సు ఆమెకు చెప్పి ఉంచింది. ఆ రోజు ఆ మనిషి మూట కట్టుకుని రోడ్డు దాకా దిగి, పొద్దు వాలేదాకా కూర్చుని, తిరిగి కొండెక్కి పోయింది. విశాఖకు ఫోను చేస్తే ఆ పేరే లేదన్నారు.

మీరు ఎక్కించి ఉండరు అన్నాను. ఇప్పటికీ ఆ మాట అన్న గొంతు నాకు వినిపిస్తుంది.

"నాలుగు సంతలు ఎక్కించేను సార్. మొన్న దాకా నా ట్యాబులో ఉంది. ఇప్పుడు ట్యాబులో కూడా నేదు."

ట్యాబులు తమ దగ్గరున్నదాన్ని అరకు సర్వరుతో సరిచూసుకుంటాయి. సర్వరులో పోతే ట్యాబులోనూ పోతుంది. అది నేను చేసిన ఏర్పాటే. ఎలా ఎక్కిస్తారో ఒకసారి చూపించమన్నాను.

ఆవిడ ట్యాబు తెరిచింది. మా యాప్ జోలికి పోలేదు. ముందు ట్యాబు గడియారం తెరిచి, తారీకును అయిదు రోజులు వెనక్కి తిప్పింది. ఆ తర్వాత యాప్ తెరిచి రాయడం మొదలుపెట్టింది. మనం వంట మొదలుపెట్టేముందు చేతులు కడుక్కున్నంత మామూలుగా చేసింది ఆ పని.

ఇక్కడ నేను పెట్టిన గడువు గురించి చెప్పాలి. మైదానంలో పనిచేసినప్పుడు నెల రోజుల వివరాలు ఒకే పూట కూర్చుని ఊహించి రాసేసేవాళ్ళను చూశాను. అందుకే చేరిన ఏడాదికి ఇక్కడి యాప్‌లో ఒక నియమం పెట్టాను: చూసిన రోజు నుంచి మూడు రోజులు దాటితే ఎంట్రీ తీసుకోదు. యాప్ తెరుచుకోవాలంటే సిగ్నలు కావాలి. ఆ ఊళ్ళవాళ్ళకు సిగ్నలు సంత జరిగే చోటే. నర్సు ఏ రోజు ఏ ఊరు చూసినా, ఎక్కించేది సంత రోజునే.

"మరేటి సెయ్యమంటారు?" అంది. "సంత రోజు సూసేనని రాసేత్తే మీ డబ్బా ఒప్పుకుంటది. అయిదు రోజుల నాటి బీపీని ఇయ్యాల్టిదని రాయడానికి నాకు సెయ్యి రాదు సార్. రేపు డాక్టరు దాన్ని సూసే కదా మందు రాత్తాడు. అందుకే తల్లి సంగతి నిజం రాసి, డబ్బాకి అబద్ధం సెప్తాం. ఇంకా రోజులు దాటనేదని."

ఎవరు నేర్పారు అని అడిగాను.

"అందరికీ తెలుసు సార్. తెలవంది మీకే."

ఎందుకు చెప్పలేదన్నాను. ఆ నియమం చెప్పిన మీటింగులోనే ఒకావిడ లేచి గడువు పెంచమని అడిగిందట. సాకులు చెప్పొద్దని నేను కూర్చోబెట్టేశానట. నాకు గుర్తు లేదు. ఆవిడకు నేను వేసుకున్న చొక్కా రంగుతో సహా గుర్తుంది.

ఇక మిగిలింది నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ప్రతి వరుస మీదా ట్యాబు గడియారంలో ఉన్న సమయం ముద్రగా పడుతుంది. గంటకోసారి లేచే ప్రోగ్రాం అడిగేది ఒకటే ప్రశ్న: నేను కిందటిసారి వచ్చి వెళ్ళాక రాసినవి ఏవి? అయిదు రోజుల కిందటి సమయం వేసుకుని ఇవాళ వచ్చిన వరుస దానికి పాతదిగా కనిపిస్తుంది, ఎప్పుడో తీసుకుపోయి ఉంటాననుకుని వదిలేస్తుంది. ఆ గంటే కాదు, ఎప్పటికీ. నకళ్ళు కావు అవి. కొండ మీద అందరికంటే నిజాయితీగా రాసిన వరుసలు. ఎవరు ఎక్కువ నిజం రాస్తే వారి పేరు నా జాబితాలో అంత పైకి వెళ్ళింది.

విశాఖకు ఫోను చేశాను. జరిగింది దాచకుండా చెప్పాను. 'నేను చెప్పలేదా' అని సహోద్యోగి అనలేదు, అంటే కొంచెం తేలికపడేవాణ్ణేమో. నోటుపుస్తకంలోంచి నేను చదువుతుంటే ఆ తల్లి వరుసలు చేత్తో ఎక్కించాడు. జీపు రావడానికి నియమం ప్రకారం రెండు రోజులు పడుతుందంటే, తనే లేచి వెళ్ళి జీపులు పంపేవాళ్ళతో మాట్లాడి మర్నాటికే ఒప్పించాడు.

మర్నాడు ఆ జీపులో నర్సుతో పాటు నేనూ కూర్చున్నాను. నేను వెళ్ళి చేసేదేమీ లేదని తెలుసు. రోడ్డు అయిపోయాక గంట నడక. ఊళ్ళో ఆ ఇంటి తడిక తాడుతో కట్టి ఉంది. జీపు రాలేదు కదా, ఊరికే కూర్చోవడం ఎందుకని పై వాలు మీద పోడు చేలో గుడిసెకి పోయారని పక్కింటామె నర్సుతో చెప్పింది. రాజ్మా కోతకొచ్చిందట. ఎంత దూరమని అడిగితే ఆమె గడ్డంతో కొండ కేసి చూపించింది. నేను సగం కూడా ఎక్కలేకపోయాను. మీరిక్కడ కూకోండి సార్, పడిపోతే మిమ్మల్ని మొయ్యడానికి మళ్ళా నలుగురు కావాలి అని నర్సు ఒక్కతే పైకి వెళ్ళింది.

దారి పక్క ఒక బండరాయి మీద కూర్చున్న ఆ మూడు గంటలే నా ఉద్యోగ జీవితంలో నేను నిజంగా ఆలోచించిన సమయం అనుకుంటాను. నాకు కుతూహలం లేకపోలేదు. రెండు నెలలు పెన్సిలు పట్టుకుని గోడ ముందు నిలబడ్డాను. సంతరోజులని తెలిసిన రోజున చిన్నపిల్లాడిలా గంతులేశాను. కానీ నా కుతూహలం పట్టికతో మొదలై పట్టిక దగ్గరే ఆగిపోయింది. ఒక్క సంత రోజున ఒక్క నర్సు పక్కన అయిదు నిమిషాలు కూర్చుని ఉంటే సరిపోయేది.

మధ్యాహ్నం దాటాక వాళ్ళు దిగుతూ కనిపించారు. ముందు నర్సు, వెనక ఆ మనిషి బరువుగా అడుగులు వేస్తూ, ఆ వెనక మూటతో మొగుడు. ఆమె పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టక చెప్పులు చేత్తో పట్టుకుంది. నా కేసి చూడలేదు. నేను జీపు తాలూకు మనిషిననుకుంది.

నాలుగో రోజున కాన్పయింది. రక్తం ఎక్కించాల్సి వచ్చింది, మర్నాడూ ఎక్కించారు. బిడ్డ చిన్నది, అయినా గట్టిగానే ఏడ్చిందట. కొండ మీద ఉండిపోతే ఏమయ్యేదో డాక్టరు నర్సుకు చెప్పారు. ఆవిడ నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

తర్వాత చేసిన మరమ్మతు మీరు ఊహించగలరు. వరుస మీద ట్యాబు సమయంతో పాటు, అది చేరగానే సర్వరు తన సమయం కూడా వేసేట్టు మార్చాం. ప్రోగ్రాం ఆ రెండోదాన్నే చూస్తుంది. అది కాక రోజూ ఒకసారి పట్టికను ముక్కలు చేసి రెండు చోట్లా ఒక్కో ముక్కను పోల్చి చూసే ఏర్పాటు సహోద్యోగి రాశాడు. గడువు పది రోజులు చేశాం. మెమోలు వెనక్కి తీసుకున్నారు. కానీ పైకి పంపిన నివేదికలో కారణం అన్న చోట నేను 'సాంకేతిక లోపం' అని రాశాను. ఆ రెండు మాటలూ నా చేత్తో రాసినవే. ఇన్నాళ్ళకు ఇక్కడ దిద్దుతున్నాను: లోపం యంత్రానిది కాదు, తీసేసింది నేను.

పోయిన వరుసలకు నకలు మిగిలింది నర్సుల నోటుపుస్తకాల్లోనే. ట్యాబు ఇచ్చాక కాగితం ఎందుకు, తగలబెట్టండి అని మీటింగుల్లో హాస్యమాడినవాణ్ణి నేనే. అదృష్టం, నా మాట ఎవరూ వినలేదు. రెండు నెలలు సంత తర్వాత సంత తిరిగాను. అల్లం, పసుపు, అడ్డాకుల కట్టలు అమ్మేవాళ్ళ పక్కన టార్పాలిన్ కింద ల్యాపుటాపు పెట్టుకుని, నర్సులు చదువుతుంటే ఎక్కించాను. మొదట్లో వాళ్ళు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మూడో సంతకు ఒకావిడ ఉడకబెట్టిన చిలగడదుంప నా ముందు పెట్టి, బేగి తినండి సార్, ఇంకా నలభై మందున్నారు అంది.

ఆఖరి సంత పెదబయలు వైపుది. పని అయిపోవస్తుంటే నర్సు నన్ను పిలిచి, కొంచెం దూరంలో అల్లం కుప్ప వెనక కూర్చున్న మనిషిని చూపించింది. వీపున గుడ్డలో బిడ్డ. నేను గుర్తుపట్టలేదు, మొహం నిండింది. బిడ్డను తూకం వేయించడానికి నర్సు ఆమెను రమ్మంది.

ఆమెకు చెప్పాలనిపించింది. ఆమె మాట్లాడేది కొండల్లోని ఒడియా, నాకు రాదు. మీరు చెప్పండి, ఆ రోజు జీపు రాకపోవడానికి కారణం నేనే, ఈమె పేరు తీసేసింది నేనేనని చెప్పండి అని నర్సును అడిగాను. ఎందుకు సార్ ఇప్పుడు అంది. చెప్పమన్నాను. ఆవిడ బిడ్డను తూకంలో పెడుతూనే చెప్పింది.

ఆమె విని, మొదటిసారి నన్ను పైనుంచి కిందకి చూసింది. ఏదో అడిగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. నర్సు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమంటోంది?" అన్నాను.

"పేరు కొట్టేత్తే నొప్పులు రావడం మానేత్తాయనుకున్నాడా అని అడుగుతంది సార్."

ఆమె నవ్వలేదు. జవాబు కోసం చూస్తోంది. నేను లేదని తల ఊపాను. ఆమె అప్పుడు బిడ్డను తూకంలోంచి తీసి గుడ్డలో కట్టుకుని, బేరానికి ఎవరో వచ్చారని తన అల్లం కుప్ప దగ్గరికి వెళ్ళిపోయింది. నర్సు బరువు చదివింది. నేను ఎక్కించాను.